తీగ వదిలిన కాయ

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరికీ గొంతు మిగల్లేదు. అత్తయ్యది పోయింది, నాది పోయింది, మా ఆయనది కూడా పోయింది. పెళ్లైన కొత్తలో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ మూటగడితే చొక్కా జేబులో పట్టేవి. అలాంటి మనిషి సంతలో తిరగేసిన గంప మీదికెక్కి, రెండు చేతులా రెండు కర్బూజాలు పట్టుకుని, మెడనరాలు ఉబ్బేలా అరుస్తుంటే, వచ్చేపోయే జనం కంటే నేనే ఎక్కువ నోరు తెరిచి చూశాను.

ఈ సంత గొడవంతా తెచ్చిపెట్టింది నేనే. మా మామయ్య కర్బూజా రైతు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి ఆయన పండించిందంతా లారీకే. షావుకారు లారీ పొలం గట్టు దాకా వచ్చేది, కాయలెక్కించుకునేది, దుమ్ము లేపుకుంటూ పోయేది. ఆ కాయ ఏ ఊరు చేరిందో, ఏ ఇంట్లో కోశారో, తిన్నవాళ్లు ఏమన్నారో మాకు తెలియదు. ఆ ఏడు షావుకారు ఇంకో మెట్టు ఎక్కాడు. వచ్చే పంట నుంచి పొలం మొత్తం తనకే ఖాయం చేయమన్నాడు. విత్తనం ఆయన ఇస్తాడు, ఎప్పుడు కోయాలో ఆయన చెబుతాడు, మేం పండించి ఎత్తితే చాలు. మామయ్యకు అందులో తప్పేం కనిపించలేదు. చెడ్డ ఏళ్లలో కూడా లారీ ఆపని మనిషి షావుకారు. ఆ మాట నిజమే. కానీ అలా ఒప్పుకుంటే మన పొలంలో మనమే కూలివాళ్లమవుతాం.

సరిగ్గా అప్పుడే మాకు దగ్గరి పట్నంలో రైతుల సంత పెట్టారన్నారు. వారానికి రెండు రోజులు, పొద్దున్నే. పండించినవాళ్లే నిలబడి అమ్మాలి, మధ్యవాళ్లు అడుగు పెట్టకూడదు. ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి వెళ్లాను. సంత చూసే మేడం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కళ్లద్దాల కోసం బల్లంతా వెతుక్కుంటోంది. నేను చూపిస్తే నవ్వింది. ఆ నవ్వు చల్లారకముందే అడిగేశాను.

"మూల చోటు ఒకటుంది" అంది. "మీ పంట అయిపోయేదాకా ఇస్తాను. మీ కాయ బాగుందా లేదా అని నేను చూడను. కొన్నవాళ్లు మళ్లీ వస్తున్నారా, అదొక్కటే చూస్తాను. వస్తే ఆ చోటు మీదే. రాకపోతే నా వెనక ఎంతమంది కాచుకుని ఉన్నారో తెలుసా?"

ఇంటికొచ్చి చెబితే మామయ్య తువ్వాలుతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన ఆ పని చేస్తున్నారంటే లోపల తూకం వేస్తున్నారన్నమాట.

"సరే అమ్మాయ్. ఈ పంటకు సగం లారీకి, సగం సంతకి. మీ ముచ్చట తీరనివ్వండి. సంత మనల్ని ఉంచుకుంటే అప్పుడు ఆలోచిద్దాం. పొమ్మంటే మాత్రం పొలం షావుకారుదే. ఆ తర్వాత ఎవరూ కిక్కురుమనకూడదు."

"అంటే సంత ఉంచుకుంటే మనం ఉంటామనే కదా?" అన్నాను.

"ఆలోచిద్దామన్నాను. ఉంటామనలేదు" అన్నారు మామయ్య.

*

మొదటి సంత రోజు నాకు పొద్దు ఎలా ఎక్కిందో తెలియలేదు.

రేకుల కప్పు కింద ఒక ఊరు ఊరంతా దిగినట్టుంది. ఒకవైపు మన్ను వదలని దుంపలు గుట్టలు పోస్తున్నారు, ఒకవైపు చిక్కుళ్లు గలగలా గంపలోకి జారుతున్నాయి. గుడ్లావిడ ఒక్కో గుడ్డూ వెలుతురుకు ఎత్తి చూసి, మాట్లాడినట్టే పెదాలు కదిపి, పొట్టులో పడుకోబెడుతోంది. తేనె సీసాల మీద తేనెటీగలు వచ్చి తమ సరుకు తామే లెక్క చూసుకుంటున్నాయి. నీళ్లు చల్లిన ఆకుకూరల నుంచి పచ్చి వాసన. తలుపు తెరవగానే జనం ఎలా వచ్చారంటే, కాలవకు గండి పడ్డట్టే. సంచులూ బుట్టలూ చంకలో పిల్లలూ.

మా పక్క చోటు ఆకుకూరలక్కది. మనిషి సన్నం, నోరు పెద్దది. మా కాయలు చూడగానే రెండు బుగ్గలూ నొక్కుకుంది.

"అబ్బ, ఏం కాయలు పిన్నీ! ఒకటే సైజు, ఒకటే నునుపు. అచ్చు పోసి తీశారా ఏంటి?"

అత్తయ్య తలెత్తకుండా కాయలు తిప్పి పెడుతోంది. మామయ్యకు మాత్రం మీసం కదిలింది. నిజంగానే అందంగా ఉన్నాయి. మామయ్య స్వయంగా ఏరి, కత్తితో తొడిమ కోసి, గుడ్డతో తుడిచి, గోడ కట్టినట్టు పేర్చారు. ఒక్క మచ్చ లేదు, ఒక్క మెత్తన లేదు. పిడికిలితో కొడితే తలుపు కొట్టినట్టు మోగేవి.

జనం విరగబడ్డారు. మెడలో టేపు వేసుకుని కుట్టుమిషను మీది నుంచి లేచొచ్చిన టైలరమ్మ ఒకావిడ ఏకంగా రెండు కాయలు చంకన పెట్టుకుంది. "మా ఇంటికి చుట్టాలొచ్చారు. తియ్యగా లేకపోయిందో, కత్తెర పట్టుకొస్తా" అని నవ్వుతూ బెదిరించింది. ఎండ ముదరకముందే గోడ కరిగి నేల కనబడింది. ఖాళీ గంపలు ట్రాలీ బండిలో వేసుకుని వస్తుంటే మా ఆయన ఈల వేశాడు. ఆయనకు ఈల వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"చూశారా మామయ్యా?" అన్నాను.

"చూశాలే" అన్నారు. కానీ పెదవుల చివర నవ్వు దాచుకోలేకపోయారు.

*

రెండో సంత రోజు మేం గంపలు దించకముందే మా చోటు ముందు జనం ఉన్నారు. నా గుండె గంతులేసింది. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి చేతిలోనూ ఒక కాయ ఉంది. మాదే. మేం అమ్మిందే.

అందరికంటే ముందు టైలరమ్మ. కోసిన కాయ రెండు చెక్కలూ బల్ల మీద ధన్‌మని పెట్టింది.

"ఏం పెద్దాయనా, ఇది కర్బూజానా, దోసకాయకు కర్బూజా చొక్కా తొడిగారా? మా చుట్టాల ముందు నా పరువు తీశారు కదా!"

మామయ్య నిదానంగా అన్నారు. "ఇంకో రెండు రోజులు గడ్డిలో పెట్టండమ్మా. మెత్తబడుతుంది."

"మెత్తబడింది! నొక్కితే నీళ్లు కూడా కారాయి. తీపి మాత్రం రాలేదు. తీపి ఏ రోజు వస్తుందో చెప్పండి, మిషను కట్టేసి దాని పక్కనే కూర్చుంటా."

వెనకాల ఒకాయన ఉప్పు చల్లుకుని తిన్నానన్నాడు. ఇంకొకావిడ పంచదార జల్లుకున్నా లాభం లేదంది. ఆమె కూతురు, "అమ్మా, మనం దాంతో బంతాట ఆడుకున్నాం కదా" అని నిజం చెప్పేసింది. ఒక్కొక్కరికీ కాయ వెనక్కి తీసుకుని డబ్బులిస్తుంటే నా చెవులు కాలిపోతున్నాయి. ఆకుకూరలక్క నా వైపు వంగి గుసగుసలాడింది.

"మేడం మళ్లీ రావాలంది కదా చెల్లెమ్మా. వచ్చారుగా!"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అత్తయ్య మాత్రం గంప వెనక తలొంచుకుని, భుజాలు కదిలేలా నవ్వుకుంటోంది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

మేడం దూరం నుంచి చూస్తూనే ఉంది. జనం పలచబడ్డాక వచ్చి, ఒక చెక్క చేతిలోకి తీసుకుని, వాసన చూసి, కింద పెట్టింది.

"వచ్చే సంత కూడా ఇలాగే ఉంటే చోటు వేరేవాళ్లకి ఇచ్చేస్తానమ్మా. ఏమనుకోకండి" అంది. గట్టిగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అంది.

*

సాయంత్రం వంటింట్లో తిరిగొచ్చిన కాయలు కుప్ప పోసి నలుగురం దాని చుట్టూ కూర్చున్నాం. మామయ్య ఒక కాయ కోశారు. లోపల పాలిపోయిన రంగు. ఒక ముక్క నోట్లో వేసుకుని అటూ ఇటూ తిప్పారు.

"బానే ఉంది" అన్నారు.

అత్తయ్య పకపకా నవ్వింది.

"ఎందుకే ఆ నవ్వు?"

"ఏం లేదు. బానే ఉందంటేనూ."

"కర్బూజా రుచి నీకేం తెలుసు? కాయంటే రంగు, బరువు, గట్టిదనం. లారీలో అన్ని మైళ్లు పోయినా చెక్కు చెదరకూడదు. రుచి చూసేవాడి గోల మనకెందుకు?"

"ఇప్పుడు ఆ చూసేవాళ్లే కదా బల్ల మీద కొట్టి పోయింది" అంది అత్తయ్య. తర్వాత చేతులు తుడుచుకుని, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అడిగింది. "గేదెల బుట్ట ఎవరు మోస్తారు మన పొలంలో?"

మా పొలంలో కత్తి కంట పడకుండా తీగ మీదే పండిపోయిన కాయ మామయ్య లెక్కలో చెడిపోయిన కాయ. దాన్ని చూస్తే ఆయనకు కోత చూసుకోలేదని తిట్టినట్టు అనిపిస్తుంది. అవన్నీ ఏరి వేరే బుట్టలో వేయిస్తారు, గేదెలకు. ఏటా ఆ బుట్ట మోసేది అత్తయ్య.

"నువ్వే మోస్తావు. అయితే?"

"గేదెల దగ్గరికి చేరేసరికి అది సగం బుట్టే."

"మిగతా సగం?"

"నేనూ, కోతకొచ్చే ఆడవాళ్లూ. గట్టు అవతల కూర్చుని. మీరు మోటారు దగ్గరికి వెళ్లినప్పుడు."

మామయ్య కత్తి కింద పెట్టారు. "ఇన్నేళ్లూ?"

"ఇన్నేళ్లూ. మీకు చెబితే పండిన కాయ ఎందుకు మిగిలిందని కేకలేస్తారు. కేకలు తిని కాయ తినేకంటే కాయ ఒక్కటే తిందామనుకున్నాం."

మా ఆయన కాళ్ల వైపు చూసుకుంటూ గొణిగాడు. "నేనూ తిన్నాను నాన్నా. చిన్నప్పుడు. పెద్దయ్యాక కూడా."

"అంటే ఈ ఇంట్లో తిననిది నేనొక్కణ్నేనా?"

"నేనూ తినలేదు మామయ్యా" అన్నాను. నేను ఆ ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది నిండలేదు. కోత చూడటమే అదే మొదలు.

"నీకు ఈ ఏడు పెడదామనుకున్నాలే" అంది అత్తయ్య. "ఈలోగా నువ్వు సంత తెచ్చావు." ఆ తర్వాత మామయ్య వైపు తిరిగింది. గొంతులో ఆట లేదు. "కత్తి ఇంట్లో వదిలేయండి. సంతకి కాయలు నేను కోస్తాను. ఈ ఒక్కసారికి."

"పండిన కాయ బండి కుదుపుకే గుజ్జవుతుంది. మధ్యాహ్నం దాటితే పనికిరాదు. పూటలో పోకపోతే ఏం చేస్తావు?"

"పోకపోతే గేదెలున్నాయిగా. ఈసారి పూర్తి బుట్ట ముడుతుంది వాటికి."

మామయ్య లేచి బయటికి వెళ్లిపోయారు. ఒప్పుకున్నారో లేదో తెలియలేదు. కానీ కత్తి తీసుకెళ్లలేదు.

*

సంత రోజు వెలుగు రేకలు విచ్చీవిచ్చకముందే పొలంలో ఉన్నాం. నేను ఆ పొలాన్ని ఎన్నోసార్లు చూశాను కానీ, ఆ వేళ దాని వాసన వేరు. తడి మట్టి వాసన, ఆకు వాసన, వాటి మధ్య నుంచి ఏదో తియ్యని సెగ. అత్తయ్య చెప్పులు గట్టు మీద వదిలేసి ముక్కు ముందు పెట్టుకుని నడిచింది. ఒకచోట ఆగింది. ఆకు తొలగించింది. కాయ పచ్చదనం వదిలి, ఎండిన గడ్డి రంగు తిరిగింది. తొడిమ చుట్టూ సన్నని పగులు.

"బొటనవేలు ఇక్కడ ఆనించు. తోయకు. ఆనించు, అంతే."

ఆనించాను. కాయ నా చేతిలోకి వచ్చేసింది. నేను కోయలేదు. అది తయారై కూర్చుని, ఎవరైనా వస్తారా అని చూస్తున్నట్టు వచ్చేసింది.

"తీగ వదిలితే మనది. వదలకపోతే ఇంకా తీగదే. బతిమాలినా తీసుకోకూడదు" అంది అత్తయ్య.

మొదటి కాయ అక్కడే మోకాలి మీద కొట్టి పగలగొట్టింది. నాకో చెక్క. నేను తిన్నాను అనడం అబద్ధం. మూతి, ముక్కు, మోచేతులు అన్నీ తిన్నాయి. రసం గడ్డం మీంచి కారుతుంటే గట్టు మీద నిలబడి ఆకాశం వైపు చూసి అరిచాను. ఏమరిచానో గుర్తులేదు. ఇలాంటిది మా పొలంలోనే ఉంటే, ఇన్నేళ్లుగా గేదెలు తింటుంటే, మేం లారీకి రాళ్లెత్తుతున్నామా?

మామయ్య రుచి చూడలేదు. ఇస్తే తల అడ్డంగా ఊపారు. కానీ మేం ఏరుతున్నంతసేపూ ఊరికే లేరు. బండి అడుగున మెత్తగా గడ్డి పరిచారు, ఒక్క వరసే పెట్టారు, కాయకూ కాయకూ మధ్య గుప్పెడు గడ్డి కూరారు. ఎత్తడంలో ఆయనను మించినవాడు లేడు. దారి పొడవునా గుంట వచ్చినప్పుడల్లా, "మెల్లగారా! మెల్లగా!" అని కొడుకు వీపు మీద చరుస్తూనే ఉన్నారు. ఎద్దుల బండి కూడా మమ్మల్ని దాటుకుని పోయింది.

*

సంతలో గంపలు దించగానే ఆకుకూరలక్క ముక్కు ఎగరేసింది. "ఏం తెచ్చారు పిన్నీ? అత్తరు అమ్ముతున్నారా?"

వాసన ముందుకు పోయింది కానీ మనుషులు రాలేదు. వచ్చేవాళ్లు వాసనకు తలతిప్పడం, మా ముఖాలు చూడటం, గుర్తుపట్టి దుంపల వైపు మళ్లిపోవడం. మా ఆయన గంపెక్కి అరిచింది ఆ రోజే. అరిచేకొద్దీ జనం నవ్వుకుంటూ దూరం జరిగారు. ఎండ రేకుల అంచు దాటి మా బల్ల మీదికి పాకుతోంది. కాయలు మొన్నటి రాళ్లు కావు, ఎండ తగిలితే గంటలు కూడా ఆగవు. మామయ్య వాటినే చూస్తున్నారు. ఆయన కళ్లలో గేదెలు కనిపిస్తున్నాయి నాకు.

మేడం బల్ల దగ్గర ఎవరో కొత్త దంపతులు నిలబడి మా మూల వైపు వేలు చూపిస్తున్నారు.

"ముక్కలు కోసి పెడదాం" అన్నాను. "తిన్నాక కొంటారు."

"కోసిన కాయ పోయిన కాయే" అన్నారు మామయ్య.

"కోయకపోతే అన్నీ పోయిన కాయలే" అంది అత్తయ్య, కోసేసింది.

అప్పుడొచ్చింది టైలరమ్మ. కొనడానికి కాదు, పక్కన ఆకుకూరకి. కట్ట తీసుకుంది, సంచిలో వేసుకుంది, చిల్లర తీసుకుంది, వెళ్లలేదు. ముక్కు మా వైపు లాగుతోంది, పరువు అటు లాగుతోంది.

"ఒక్క ముక్క తిని చూడండమ్మా. ఊరికేనే" అన్నాను.

"ఒకసారి నమ్మాను, చాలు" అంది. అని, మామయ్య వైపు గడ్డం ఎత్తింది. "ముందు పెద్దాయన తినాలి. నా ఎదురుగా తినాలి. ఆయన ముఖం చూసి నేను తింటాను."

"అది న్యాయం!" అంది ఆకుకూరలక్క. గుడ్లావిడ లేచి నిలబడింది. దుంపలాయన తక్కెడ వదిలేసి వచ్చాడు. ఏం జరుగుతోందో తెలియకుండానే నలుగురు ఆగారు, వాళ్లను చూసి ఇంకో పదిమంది.

అత్తయ్య ముక్క అందించింది. మామయ్య దాన్ని ముందు ఆ వైపు ఈ వైపు తిప్పి చూశారు, లారీ దగ్గర చూసినట్టే. తర్వాత నోట్లో పెట్టుకున్నారు.

మెల్లగా నమిలారు. ఆగారు. మళ్లీ నమిలారు. ముఖంలో ఏమీ మారలేదు. గడ్డం మీదికి కారిన రసం కూడా తుడుచుకోలేదు. గింజలు అరచేతిలోకి ఊసుకుని, కింద పారేయబోయి, ఆగి, చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ ఇవ్వకుండానే చెయ్యి చాచి రెండో ముక్క తీసుకున్నారు.

"ఏటా ఇదేనా నువ్వు తిన్నది?" అని అడిగారు అత్తయ్యను. ఆయన గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు.

"ఇదే" అంది అత్తయ్య.

టైలరమ్మ చేతిలో సంచి అక్కడే పడేసి ముక్క అందుకుంది. కొరికింది. కళ్లు మూసుకుంది. తెరిచి, వెనకున్న జనం వైపు తిరిగి చేతులు అడ్డం పెట్టింది. "తోసుకోకండి! ముందు నేనొచ్చాను. నాకు నాలుగు కావాలి. ఎవరైనా చెయ్యి పెట్టారో, కొలతలు తీసుకునేటప్పుడు సూది గుచ్చుతా!"

ఆ తర్వాతది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. చేతులు, సంచులు, "అమ్మాయ్ ఇటు", "ముందు నాకు", "చిన్నదివ్వు, మేం ఇద్దరమే", "పెద్దదివ్వు, మా ఆయన ఒక్కడే ముగ్గురు". బంతాట పిల్ల బల్ల కింద నుంచి దూరి ముక్క ఎత్తుకెళ్లింది. మా ఆయన గంప మీది నుంచి దిగకుండానే గొంతు పోగొట్టుకున్నాడు. ఎండ బల్ల చివరికి చేరేసరికి గడ్డి తప్ప ఏమీ మిగల్లేదు.

*

అక్కడి నుంచి వేసవి పరుగు అందుకుంది. మేం దాని వెనక పరుగెత్తాం. పొలంలో అత్తయ్య మాటే మాట. మామయ్య కాయ మీద చెయ్యి వేస్తే, "ఊఁ, వదల్లేదు, చెయ్యి తీయండి" అనేది. ఆయన తీసేసేవారు! నేను ఆ దృశ్యం చూడటానికే తెల్లారి లేచేదాన్ని. సంతలో ఆయన బల్ల వెనక కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగేవారు: ఇది ఎప్పుడు తింటారు? మధ్యాహ్నానికంటే ఒకటి ఏరేవారు, రేపటికంటే ఇంకొకటి. ఎల్లుండికి కావాలంటే, "ఎల్లుండి కాయ ఇంకా తీగ మీదుంది, తర్వాత రండి" అని పంపేసేవారు. అలా పంపించేస్తే ఎలా అని నేను మొత్తుకునేదాన్ని. వాళ్లు తర్వాత సంతకి అందరికంటే ముందు వచ్చేవారు.

తిన్నవాళ్లు వచ్చి చెప్పేవారు. మామయ్యకు అది కొత్త. జ్వరం పడి లేచిన తన నాన్న ఇదొక్కటే తిన్నాడని ఒకతను చెబితే, మామయ్య అతనికి ఇంకో కాయ ఏరి ఇచ్చారు. ఇంటికొచ్చాక, "అతని నాన్నకి ఇప్పుడెలా ఉందో అడగలేదే నేను" అని కంగారుపడ్డారు.

అయినా ఆయన నోటి నుంచి సంతలో ఉంటామన్న మాట రాలేదు. సగం కాయలు లారీకి ఎప్పటిలాగే కత్తితో కోసి ఎత్తుతూనే ఉన్నారు. నేను అడగబోతే అత్తయ్య కళ్లతోనే ఆపేది.

ఆఖరి కోత నాటి సంతకి మేడం బుట్ట పట్టుకుని వచ్చింది, కళ్లద్దాలు ఈసారి ముక్కు మీదే ఉన్నాయి.

"ఈ చోటు మీదే" అంది. "కాకపోతే ఏడాది పొడవునా ఏదో ఒకటి తేవాలి. కర్బూజా అయిపోయిందని మూసేయడానికి లేదు. కావాలో వద్దో సాయంత్రంలోగా చెప్పండి, వేరేవాళ్లు కాచుకున్నారు."

నేను మామయ్య వైపు చూశాను. మా ఆయన చూశాడు. గొంతు పోయిన అత్తయ్య ఆయన్ని మోచేత్తో పొడిచింది.

"చూద్దాం" అన్నారు మామయ్య.

నా ప్రాణం ఉసూరుమంది. అది చాలదన్నట్టు, జనంలోంచి తెల్ల చొక్కా ఒకటి మా వైపే వస్తోంది. షావుకారు.

"పొలానికి వెళ్తే ఎవరూ లేరు పెద్దాయనా. ఇక్కడున్నారని చెప్పారు." నుదుటి చెమట తుడుచుకుంటూ నవ్వాడు. మంచివాడే, చెప్పాను కదా. "వచ్చే పంట సంగతి మాట ఖాయం చేసుకుందామని వచ్చా. మీరు ఊఁ అంటే నేను నిశ్చింతగా వెళ్తా."

మామయ్య కాయ ఒకటి ఏరి, కోసి, ముక్క చేతికిచ్చారు. షావుకారు ఏదో మర్యాదకు నోట్లో వేసుకున్నాడు. నములుతూ నములుతూ ఆగిపోయాడు.

"ఇది మీ పొలందేనా?"

"మన పొలందే."

"మరి ఇన్నేళ్లలో నాకు ఒక్కటీ ఎత్తలేదే?"

"మీరు గట్టి కాయ అడిగేవారు. గట్టిదే ఎత్తాను."

షావుకారు బల్ల మీది కాయ ఒకటి చేతిలోకి తీసుకుని, అలవాటుగా బొటనవేలితో నొక్కాడు. వేలు దిగబడింది. వ్యాపారి కదా, పెదవి విరిచాడు.

"లాభం లేదు పెద్దాయనా. ఇది లారీ ఎక్కదు. దారిలోనే కారిపోతుంది."

"ఎక్కదు" అన్నారు మామయ్య. "దీనికోసం మనుషులే రావాలి."

షావుకారు తలెత్తి చూశాడు. బల్ల ముందు నుంచి దుంపల గుట్ట దాటి, గుడ్లావిడ దాకా వరస. అందులో సగం ముఖాలు నాకే తెలుసు. చాలాసేపు చూశాడు. తర్వాత, "లోపల్నుంచి బాగా మగ్గింది ఒకటి ఏరి ఇవ్వండి. ఇంట్లో వాళ్లకి" అన్నాడు, మెల్లగా.

"వరసలో రావాలండీ!" వెనక నుంచి టైలరమ్మ.

మామయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. నా వైపు తిరిగి, "అమ్మాయ్, మేడం ఎటు వెళ్లిందో చూడు. సాయంత్రం దాకా ఎందుకు, కాచుకున్నవాళ్లను ఇళ్లకు పొమ్మను" అన్నారు.

నేను బల్ల చుట్టూ తిరిగి రాలేదు. బల్ల కింద నుంచే దూరాను. చిక్కుళ్లు దాటి, తేనె సీసాలు దాటి, ఎవరి కాలు తొక్కానో వాళ్ల తిట్లు వెనకే వస్తుండగా, ఉన్న కాస్త గొంతుతో "మేడం! మేడం!" అని అరుస్తూ ఆ జనంలోకి పరుగెత్తాను.